కళ్లు తెరవని పటానికి బేరం

శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ పక్కనున్న పెద్ద హోటల్లో, నలుగురు దేశదేశాల షావుకార్లు నా చుట్టూ నిలబడి, బాలాపూర్ వినాయకుడి లడ్డూ వేలంలో పాడినట్టు పాట మీద పాట పాడుతుంటే, మధ్యలో కాలు మీద కాలు వేసుకుని కూర్చుని, ఒక్క బొమ్మల పటాన్ని పాతిక లక్షలకు అమ్మినవాణ్ణి నేను. "ఇంకెవరన్నా ఉన్నరా?" అని నేనడిగితే ఒక తెల్లదొర రుమాలు తీసి నుదురు తుడుచుకున్నాడు.

ఈ ముచ్చట చాయ్ బండి దగ్గర చెప్పాను, మంగలి దుకాణంలో చెప్పాను, పెన్షన్ వరుసలో నిలబడి చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఒక షావుకారు పెరిగేవాడు. కాగితం మీద పెట్టేసరికి మాత్రం చెయ్యి ఆగుతోంది. సరే. షావుకార్లు నలుగురు కాదు, ఒక్కరే. ఆమె ఆడమనిషి. ఆమె కూర్చుంది, నేను నిలబడ్డాను. ఏసీలో చెమట పట్టింది నాకు. పాతిక లక్షల సంగతి తర్వాత చెబుతాను, ఒక్కసారే అన్నీ వదులుకోవడం నాకు చేతకాదు.

నా వృత్తి గురించి ముందే చెప్పకపోతే నేను చేసిన తప్పు అర్థం కాదు. ఎయిర్‌పోర్ట్ రాకముందు నాకు రెండెకరాల జొన్నచేను ఉండేది. వచ్చాక చేలల్లో రంగురంగుల జెండాలు మొలిచాయి, నేను ప్లాట్ల మధ్యవర్తినయ్యాను. ఇరవై ఏళ్లు ఇతరుల భూమిని పొగుడుతూ బతికాను. మా దగ్గర ప్రతి ప్లాటూ ఎయిర్‌పోర్ట్‌కు పది నిమిషాలే. విమానంలో వెళితే అబద్ధం కాదు. బోరులో నీళ్లు పడని చోట మంచి గాలి ఉందనేవాణ్ణి. వయసైనా, దూరమైనా, ధరైనా నా నోరు లోపలే రెండింతలు చేసి అప్పుడు బయటికి వదులుతుంది. ఇంకో జబ్బు కూడా అంటింది. ఏ మాటైనా స్టాంపు పేపరు మీదికి ఎక్కితేనే నాకు మాటలా కనిపిస్తుంది.

పటం నాది కాదు, నా భార్యది. ఆమె తండ్రి చేర్యాల వైపు నకాషీ పనివాడు, అంటే బొమ్మలు వేసే మనిషి. గుడ్డకు గంజి, సుద్ద, చింతగింజల జిగురు పట్టించి, ఆరబెట్టి, నున్నగా రుద్ది, ఎర్రటి రంగు పరిచి, దాని మీద కులాల పుట్టుక కథలు వరుసలు వరుసలుగా వేసేవాడు. కథ చెప్పేవాళ్లు ఆ పటాన్ని ఊరి నడుమ వేలాడదీసి, వరుస తర్వాత వరుస విప్పుతూ రాత్రంతా పాడేవారు. మా ట్రంకు పెట్టెలో ఉన్నది ఇరవై మూరల పటం.

మా మామ ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. బొమ్మ అంతా పూర్తయినా కళ్లు పెట్టరు. పటం చేయించుకున్నవాడు ఒప్పుకున్న ధర చేతిలో పెట్టాక, కొబ్బరికాయ కొట్టి, అతని ఎదుటే కుంచె కొసతో కళ్లు తెరుస్తారు. అప్పటిదాకా అది గుడ్డే. ఈ పటం కోసం మా మామ, ఇంకా పెళ్లికాని ఆయన కూతురు కలిసి ఏడాది కూర్చున్నారు. ఒప్పుకున్న ధర జత ఎడ్లు. చేయించుకున్నవాడు కొబ్బరికాయతోనే వచ్చాడు. ఎడ్లు వెనక వస్తున్నాయంటే నమ్మి మా మామ పైనుంచి కళ్లు తెరుస్తూ వచ్చాడు. చివరి వరుస ఒక్కటి మిగిలిందనగా, "ఒక్క ఎద్దు ధర ఇస్త, మిగిలింది దేవుడిస్తడు" అన్నాడు ఆ మనిషి. మా మామ కుంచె కడిగాడు, పటం చుట్టాడు. "న్యాయమైన ధర దొరికిన్నాడు తెరుస్తం" అన్నాడు. ఆ రోజు చూడకుండానే పోయాడు. తండ్రి దగ్గర ఆ కళ్ల గీత నేర్చుకున్నది ఈ లోకంలో ఆయన కూతురు ఒక్కతే.

ఆమె కుడిచెయ్యి వణకడం మొదలైంది. మొదట వాకిట్లో ముగ్గు చెప్పింది, గీత వంకర పోయి. తర్వాత చాయ్ గ్లాసు చెప్పింది. ఒకరోజు పొద్దున ఆమె ట్రంకు పెట్టె తెరిచి పటం మీది ధూళి దులుపుతూ నాతో అన్నది.

"ఇంకో ఏడాదైతే నా చెయ్యి దీనికి అక్కరకు రాదు. అమ్ము దీన్ని. గని రెండే రెండు మాటలు. మా నాయన పేరు దీనితోటి పోవాలె. ధర న్యాయంగుండాలె. ఎక్కువొద్దు, తక్కువొద్దు."

"ఎక్కువొద్దా? ఎక్కువొద్దన్న మనిషిని నా జిందగీల చూడలే."

"చూడు మరి. ఎదురుంగనే ఉన్న."

అలా పని నా మీద పడింది. మొదట ఒక చేతిపనుల దుకాణం ఆయన ఇంటికొచ్చాడు. జేబులోంచి టేపు తీసి కొలిచాడు. మీటరుకు ఇంతని చెప్పాడు. నా భార్య లోపలికి వెళ్లి తన పాత చీర ఒకటి తెచ్చి అతని ఒళ్లో వేసి, "దీన్ని కొలువు అన్నా, గిది మీటర్ల లెక్కనే" అన్నది. తర్వాత కొత్త హోటళ్లకు గోడలు అలంకరించే మనిషి వచ్చాడు. మంచి ధరే చెప్పాడు, నాకు నోరూరింది. కాకపోతే కత్తిరించి ముప్ఫై గదులకు ముప్ఫై ముక్కలు ఫ్రేము కట్టిస్తానన్నాడు. "సగం కథ ఒకనికి, సగం కథ ఇంకొకనికా?" అని ఆమె తలుపు దగ్గరికేసింది. మూడోసారి దొరికింది నేను మొదట చెప్పిన ఆ ఒక్క షావుకారు, మేడం. సింగపూర్‌లో ఒక మ్యూజియం కోసం ఇలాంటి పటాలు కొంటుంది. ఒక విమానం దిగి ఇంకో విమానం ఎక్కే మధ్యలో ఎయిర్‌పోర్ట్ హోటల్లో ఒక్కరోజు ఉంటానని ఫోనులో చెప్పింది. మాట మర్యాద కోస్తావాళ్లది. "పటం చరిత్ర రాసి తీసుకురండి బాబాయ్ గారూ" అన్నది.

చరిత్ర అంటే నా పాలిట ప్లాటు బ్రోచర్. శంషాబాద్‌లో నోటరీ దగ్గరికి వెళ్లి స్టాంపు పేపరు మీద టైపు చేయించాను. సదరు పటము రెండు వందల సంవత్సరముల నాటిదనియు, మా పూర్వీకులకు ఒక జాగీర్దారు బహూకరించినాడనియు, తరతరాలుగా మా వంశమున పూజలందుకొనుచున్నదనియు. కింద నా సంతకం, పైన ఎర్ర ముద్ర. మా మామ పేరు ఎక్కడా లేదు. రెండు వందల ఏళ్ల పటానికి మా మామ పేరు ఎలా పెడతాను?

ఇంటికొచ్చి నా భార్యతో ఇంకో అబద్ధం చెప్పాను. "బేరం పక్కా అయింది. మీ నాయన పేరు గూడ రాసుకున్నరు. రేపు పదకొండింటికి కుంచె, రంగు పట్టుకొని ఆటోల వచ్చెయ్. నేను పొద్దుగాల్నే పటం పట్టుకపోయి పరిచి పెడ్త." తొమ్మిదికి వెళ్లి పదకొండులోపు పైసలు మాట్లాడుకుంటే, ఆ స్టాంపు పేపరు మేడం సంచిలోకి పోతుంది, నా భార్య కంట పడదు. ఇదీ నా ఉపాయం. చాలా ప్లాట్లు అమ్మాను ఇలాంటి రెండు గంటల సందులో.

హోటల్లో మేడంతో పాటు కళ్లద్దాల పెద్దసారు ఒకాయన ఉన్నాడు, పాత బొమ్మలు పరీక్షించే మనిషి. మూడు బల్లలు కలిపి పటం పరిచారు. అంచులు లేవకుండా బరువుకు గాజు గ్లాసులు పెట్టారు. ఇద్దరూ గంటసేపు వంగి చూశారు. నేను చుట్టూ చూశాను. నాలుగువైపులా అద్దాలే. అద్దాల అవతల విమానాలు పోతున్నాయి, కార్లు పోతున్నాయి, అందరూ ఎక్కడికో ఒకచోటికి పోతున్నారు.

మేడం స్టాంపు పేపరు తీసి చదివింది. "బాబాయ్ గారూ, రెండు వందల ఏళ్లు ఖాయమేనా?"

"తక్కువల తక్కువ బిడ్డా."

"అయ్యో. అయితే నేను కొనలేను."

ఇరవై ఏళ్ల వ్యాపారంలో ఎక్కువ చెప్పినందుకు బేరం పోవడం అదే మొదటిసారి. ఆమె నెమ్మదిగా చెప్పింది. వందేళ్లు దాటిన బొమ్మ ఏదైనా ప్రాచీన వస్తువు కింద లెక్క. ప్రభుత్వం దగ్గర నమోదు కావాలి. దేశం దాటించకూడదు. "మీరు నమోదు చేయించారా? ఆ జాగీర్దారు ఇచ్చిన కాగితం ఏమైనా ఉందా?"

నా నోరు తన అలవాటు ప్రకారం పనిచేసింది. "రెండొందలంటే, మాట్లాడుకుంటే తగ్గుతది గద. నూట ఇరవై చేద్దాం."

"వయసా?"

"తొంభై తొమ్మిది. ఇగ దీనికి తగ్గది."

పెద్దసారు దగ్గినట్టు నవ్వాడు. మేడం నవ్వలేదు. "ముద్ర వేసిన కాగితం ఇది. మా ఆఫీసుకు ఫొటో పంపేశాను కూడా. ఇది నిజమైతే కొనకూడదు. అబద్ధమైతే మీరు చెప్పే ఏ మాటా నమ్మకూడదు. మీరే చెప్పండి, ఏం చేయను?"

అప్పుడు గోడ గడియారం పదీ నలభై చూపిస్తోంది. మామిడిపల్లి దారిలోని మా కిరాయి ఇంటి నుంచి ఆటో బయలుదేరే ఉంటుంది. నేను పక్కకు జరిగి ఫోను చేశాను, రావద్దని చెప్పడానికి. మోగింది, మోగింది, ఆగింది. ఆటోలో చేతిలోంచి జారిపోతుందని ఆమె ఫోను ఎత్తదు. మళ్లీ చేశాను. పటం చుట్టుకుని వెళ్లిపోదామనిపించింది. ఇరవై మూరల పటాన్ని మడత పడకుండా చుట్టాలంటే రెండు కొసల్లో ఇద్దరు మనుషులు కావాలి. రెండో మనిషి ఎవరు? దాన్ని వదిలి ఒక్కణ్ణే వెళ్లిపోదామా అంటే, ఆ గుడ్డ మీద ఆమె ఏడాది ఉంది, ఆమె తండ్రి మాట ఉంది. అబద్ధాన్ని నిలబెడితే అమ్మకం పోతుంది. నిజం చెబితే ముద్ర పడ్డ దొంగ కాగితం నా మెడకు చుట్టుకుంటుంది. ఏదీ చెప్పకుండా నిలబడితే పదకొండు అవుతుంది.

పెద్దసారు చివరి వరుస దగ్గర ఆగాడు. "ఈ వరుసలో మొహాలకు కళ్లు లేవేంటి?"

అంత ఇరుకులోనూ నా నోరు ఊరుకోలేదు చూడండి. "పాపం సారూ, ఏం జెప్పమంటరు. ఈ పటం వేసినాయనకు రంగుల విషం కళ్లకెక్కింది. చివరి వరుసకొచ్చేటాళ్లకు చూపు పోయింది. గుడ్డోడై గూడ మొహాలు తడుముకుంట గీసిండు. కళ్లు మాత్రం పెట్టలేకపోయిండు."

పెద్దసారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఒక్క క్షణం నేను కూడా నమ్మేసి కుర్చీలో కూలబడ్డాను, అంత బాగా వచ్చింది ఆ మాట.

అద్దాల తలుపులు వాటంతట అవే తెరుచుకున్నాయి. నా భార్య. ఇస్త్రీ చీర, ఒక చేతిలో స్టీలు టిఫిను డబ్బా, అందులో రంగు కలపడానికి కొబ్బరి చిప్పలు. ఇంకో చేతిలో కొబ్బరికాయ. ఉడుత తోక వెంట్రుకల కుంచె కొంగున ముడి. ఎవరినీ చూడకుండా నేరుగా పటం దగ్గరికి వచ్చి, అంచు మీద తడిగా ఉన్న గాజు గ్లాసు ఎత్తి కింద పెట్టింది. "నీళ్ల గ్లాసు పెడ్తరా దీనిమీద?"

పెద్దసారు ఆమెకు నమస్కారం పెట్టాడు. "ఈ కళాకారుడి చూపు పోయిన కథ ఇప్పుడే విన్నానమ్మా. చాలా బాధేసింది."

"ఎవల చూపు?"

"ఈ పటం వేసినాయనది."

"మా నాయనదా? సచ్చే నెలల గూడ సూదిల దారం ఒక్కపారే ఎక్కిచ్చిండు సారూ! ఎవలన్నరు గుడ్డోడని?"

ఇక్కడే నేను గట్టిగా ఊపిరి పీల్చుకుని లేచాను. మేడం ముందు నిలబడి, "బిడ్డా, తప్పు నాది. రెండొందల ఏండ్లు లేవు, జాగీర్దారు లేడు, గుడ్డోడు లేడు. ఇది మా మామ వేసిండు. పక్కన కూసొని రంగులు నింపింది ఈమె. నేను ప్లాట్లు అమ్ముకునేటోణ్ణి, నాకు పెద్దగ జేసి చెప్పుడే వస్తది" అని ఒక్క బిగిన చెప్పేశాను. స్టాంపు పేపరు తీసుకుని నాలుగు ముక్కలు చేశాను. అలా చెప్పడానికి ఎంత గుండె కావాలో చెప్పినవాడికే తెలుస్తుంది.

మేడం ఆ కాగితం ముక్కల్ని పక్కకు జరిపింది. తర్వాత నా భార్యను పక్కన కూర్చోబెట్టుకుంది. "వందేళ్లు లేదంటే నాకు మంచిదేనమ్మా. ఇది కొత్తదే అని ప్రభుత్వం దగ్గర కాగితం తీసుకుని పంపిస్తాను. మీ నాన్నగారి పేరు, ఊరు, మీ పేరు రాసుకుంటాను. ధర మీరు చెప్పండి."

"మా నాయన అడిగింది జత ఎడ్లు."

"ఇవాళ మీకు జత ఎడ్ల ధర ఇస్తే మిమ్మల్ని మోసం చేసినట్టే" అన్నది మేడం. ఫోను తీసి, తాను ముందు కొన్న రెండు పటాలు, వాటి బిల్లులు చూపించింది. నేనైతే అంకె చూసి ఊరుకునేవాణ్ణి. నా భార్య అంకె చూడలేదు, బొమ్మను వేళ్లతో పెద్దది చేసి చూసింది. ఎన్ని మూరలు? రంగు రాళ్లు నూరిందా, డబ్బాదా? ఎన్ని ఊర్లు తిరిగింది? ఒకటి పొట్టిది, రాతి రంగులది. రెండోది పొడవైనది, డబ్బా రంగులది, వానకు తడిసినది. "మాది పొడుగు, రాతి రంగు, ఒక్కనాడు గూడ ఎండకు కట్టలే. గట్లయితే రెండిటికన్న ఎక్కువే పడాలె" అన్నది. పెద్దసారు తలూపాడు. మేడం నాలుగు లక్షలన్నది.

నేను కళ్లు మూసుకుని దేవుణ్ణి తలుచుకునేలోగా నా భార్య పటం కింది మూల ఎత్తి చూపింది. "గీడ జానెడు పురుగు తిన్నది బిడ్డా. నువ్వు చూడలేదు. దీనికి ముప్ఫై వేలు తగ్గియ్యి."

మూడు లక్షల డెబ్భై వేలు. పాతిక లక్షలు, తెల్లదొర, రుమాలు అన్నీ ఈ అంకెలోంచి పుట్టినవే. ఇక దాచేది ఏమీ లేదు.

డబ్బు బ్యాంకులో పడినట్టు ఫోను మోగాక, హోటల్ వాళ్లు నేల పాడవుతుందని అడ్డుపడితే, నా భార్య బయట పూలకుండీల పక్కన కొబ్బరికాయ కొట్టి వచ్చింది. చివరి వరుసలో పదకొండు మొహాలు. కుంచె నలుపులో ముంచి, కుడి మణికట్టును ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని, ఊపిరి బిగబట్టి, ఒక్కో గీత. చెయ్యి వణుకు కుంచె కొసకు చేరేలోపు గీత అయిపోవాలి. రెండుసార్లు ఆగింది, చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, మళ్లీ మొదలుపెట్టింది. మేడం తన విమానం మరో విమానానికి మార్చుకుంది. పెద్దసారు పై వరుసనూ కింది వరుసనూ మార్చి మార్చి చూసి, తండ్రి చెయ్యి ఎక్కడ ఆగిందో, కూతురు చెయ్యి ఎక్కడ మొదలైందో చెప్పలేనన్నాడు. పదకొండో మొహంలో కుడికన్ను మాత్రం కొంచెం కిందికి జారింది. అది నాకు తెలుసు, ఆమెకు తెలుసు. తుడుస్తారా అని మేడం అడిగితే, "తెరిచిన కన్ను మల్ల మూస్తరా?" అన్నది.

ఇంతవరకు రాసి, నిన్న సాయంత్రం ఆమెకు చదివి వినిపించాను. ఆమె చాటలో కందిపప్పు ఏరుతోంది. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. అంతా అయ్యాక చాట పక్కన పెట్టి అన్నది.

"మంచిగనే రాసినవ్ గని, లేచి నిలవడి చెప్పిన అన్న కాడ కొట్టెయ్. నువ్వు లేవనూ లేదు, చెప్పనూ లేదు. నేను తలుపుల అడుగు పెట్టుడుతోనే మొగోళ్ల బాత్రూంలకు ఉరికినవ్. అబద్ధమని చెప్పింది నేను, కాగితం చింపింది ఆ బిడ్డ. ముప్ఫై వేలు తగ్గిచ్చింది గూడ నీకు ఇంటికొచ్చినంకనే ఎరుక. హోటలాయనను తోలి నిన్ను బయటికి పిలిపిచ్చేటాళ్లకు, నేను తొమ్మిది మొహాలకు కళ్లు తెరిచిన."